నూట పద్నాలుగో పేరు

రేణిగుంటలో దిగేసరికి
పొద్దు కరకంబాడి మీద వాలింది.
ప్రొపెల్లర్లు ఇంకా ఆగలేదు,
జేబుల్లో ఫోన్లు కొట్టుకోవడం మొదలైంది.

కంపెనీ వేరుపడిందట.
రెండు వందల పేజీల కాగితం.
మా సంగతి నూట అరవై మూడో పేజీలో,
సామాను లాగే ట్రాక్టర్లకి కింద,
ఎక్కే నిచ్చెనలకి పైన.
జెట్లు పెద్దవాళ్ళ భాగానికి.
డెబ్బై సీట్ల రెక్కల బండ్లు ఆరూ,
వాటి అప్పులూ, మేమూ
చిన్నవాళ్ళ భాగానికి.

పుత్తూరులో మా మేనత్త వాళ్ళు వేరుపడినప్పుడు చూసినాను.
పిండిమర ఒకరికి,
మర తిరిగే కరెంటు మీటరు ఇంకొకరికి.
మర ఆడించే దొరసానమ్మని ఎవరూ అడగలేదు.
మరునాడు కూడా ఏడింటికే వచ్చి
ఏ తలుపు తియ్యాలో తెలీక
రెండిటికీ నడుమ నిలబడింది.

చేరిన రోజు నాకు చెప్పినారు:
పదిహేను వందల గంటలు ఇక్కడ ఎగురు,
ఆ తర్వాత జెట్‌లో కుడి సీటు నీది.
ఇప్పుడు దిగినదాంతో కలిపి
పద్నాలుగు వందల డెబ్బై ఒకటి.

కెప్టెన్ ఢిల్లీబాబుది పీలేరు.
ఇంతకుముందు రెండు కంపెనీలు మునిగితే ఈదుకుంటూ వచ్చినవాడు.
ఫోన్ చూడలేదు. పార్కింగ్ బ్రేక్ వేసి
"సీనియారిటీ జాబితా అంటే ఏమనుకున్నావు పాపా,
కొండ మీద కంపార్ట్‌మెంటు లాంటిది.
ఎన్ని గంటలు కూచున్నా,
గేటు తీసేవాడు లేచిపోతే
మళ్ళా మొదటి నుంచి క్యూ" అన్నాడు.
ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

కింద చక్రాలకి అడ్డం పెడుతూ మస్తాన్ అరిచినాడు,
"అక్కా, కొత్త చొక్కాలిస్తారంట గదా,
మన జేబు మీద ఎవరి బొమ్మ?"

తిరుగు ప్రయాణం ముప్పై అయిదు నిమిషాల్లో.
అరవై ఎనిమిది మంది,
సగం మందికి చందనం పూసిన గుండ్లు,
ఒళ్ళో లడ్డూల సంచులు.
వచ్చేటప్పుడున్న జుట్టు పోయేటప్పుడు లేదు,
ఆ తేడాకి లోడ్ షీటులో గడి లేదు.
ఇచ్చేసి తేలికైన మనుషులు.

నేనిచ్చింది నలభై రెండు లక్షలు.
చిత్తూరు బ్యాంకులో, నాయన సంతకంతో,
పలమనేరు రోడ్డులో టైర్ల షెడ్డు తాకట్టు మీద,
ఒకే రకం విమానం నడిపే కాగితం కోసం.
వేరే చోట అడిగితే
"జెట్ మీద గంటలున్నాయా?"
జెట్ ఎక్కనిస్తే కదా గంటలు,
గంటలుంటే కదా జెట్.
పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు,
పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు.
మా అవ్వ ఈ మాట అన్నప్పుడు
విమానాలు ఆమె లెక్కలో లేవు.

లేచి ఒక పక్కకి ఒరిగితే
కింద రేణిగుంట జంక్షను.
ఒక దారి గూడూరుకి, ఒకటి కడపకి,
ఒకటి అరక్కోణానికి, ఒకటి పాకాలకి.
విడిపోయే ప్రతి చోటా ఒక దీపం.
అంత ఇనుము కూడా
చెప్పకుండా పక్కకి తిరగదు.

ఇక్కడా అంతే.
విమానం చేతులు మారాలంటే
ఆయన "యూ హావ్ కంట్రోల్" అనాలి,
నేను "ఐ హావ్ కంట్రోల్" అనాలి.
అరక్షణం కూడా అది
ఎవరిదీ కాకుండా ఉండకూడదు.
మమ్మల్ని చేతులు మార్చినప్పుడు
ఆ మాట ఎవరన్నారు?
అవతల ఎవరైనా తిరిగి అన్నారా?

పదివేల అడుగుల్లో
కెప్టెన్ చెయ్యి తీసి, అనాల్సింది అన్నాడు.
నేను తిరిగి అన్నాను,
మామూలు కన్నా కొంచెం గట్టిగా.
ఆయన నా వైపు చూసి
కాఫీ ఫ్లాస్కు మూత తిప్పుకున్నాడు.

రాత్రి లాగ్‌బుక్కులో రాసుకోవాలి:
ఒక గంట పది నిమిషాలు.
ఇంక మిగిలింది
ఇరవై ఏడు గంటల యాభై నిమిషాలు.
దేనికో తెలీదు,
లెక్క మాత్రం ఆపలేదు.